అర్ధరాత్రి అదనపు ఇన్సులిన్ వేసుకునే ముందు

టైప్ 1 మధుమేహంలో రాత్రిపూట షుగర్ ఎందుకు పెరిగిందో ఒక్కోసారి అంతుచిక్కదు. నిద్రమత్తులో వెంటనే సూది అందుకోకండి.

• చేతులు కడిగి, తుడుచుకుని, గ్లూకోమీటర్‌తో మరోసారి చూడండి. వేలికి అంటిన పండ్ల రసం కూడా అంకెను పెంచుతుంది.

• చివరి డోసు ఎప్పుడు వేసుకున్నారు? అన్నిటికంటే ముఖ్యం ఇదే. త్వరగా పనిచేసే ఇన్సులిన్ ప్రభావం సుమారు 3 నుంచి 5 గంటలు ఉంటుంది. అది ఒంట్లో ఉండగానే మరొకటి వేస్తే, రెండూ కలిసి తెల్లవారేలోపు షుగర్‌ను ప్రమాదకరంగా దించేయవచ్చు. అంకె తగ్గడం లేదన్న విసుగుతో వేసుకునే ఆ రెండో డోసు గురించే నా భయమంతా.

• సాయంత్రం గట్టిగా వ్యాయామం చేశారా, మద్యం తీసుకున్నారా? ఇవి కూడా రాత్రి షుగర్‌ను దించేయవచ్చు. అలాంటి రోజుల్లో డోసు ఎంత తగ్గించాలో డాక్టరును ముందే అడిగి రాసిపెట్టుకోండి.

• ఇన్సులిన్ పంపు వాడేవారు గొట్టం మడతపడి ఇన్సులిన్ అందడం లేదేమో చూడాలి.

• షుగర్ 250 mg/dL దాటి తగ్గకపోతే కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి రక్తంలో చేరే ఆమ్లాలు) పరీక్షించండి. కీటోన్లతో పాటు వాంతులు, ఆయాసం ఉంటే తెల్లవారేదాకా ఆగవద్దు, ఆసుపత్రికి వెళ్లండి.

• డోసు వేసుకుంటే, 2 గంటల తర్వాత షుగర్ మళ్లీ చూసుకోవడానికి అలారం. షుగర్ పడిపోతే తీసుకోవడానికి గ్లూకోజ్ మంచం పక్కనే.