జురాసిక్ శిలల్లో ఎలాటైడిస్‌ను గుర్తించే పద్ధతి

ఎలాటైడిస్ సైప్రస్ కుటుంబానికి చెందిన, పూర్తిగా అంతరించిపోయిన శంకుధారి (విత్తనాలను శంకువుల్లో మోసే) వృక్షజాతి. స్విట్జర్లాండ్ శిలాజ వృక్షశాస్త్రవేత్త ఓస్వాల్డ్ హేర్ 1876లో సైబీరియా శిలాజాల ఆధారంగా దీనికి పేరు పెట్టాడు. ఇంగ్లాండులోని యార్క్‌షైర్ తీరంలో దొరికే ఎలాటైడిస్ విలియమ్సోనీ అనే రకాన్ని బ్రిటిష్ శిలాజ వృక్షశాస్త్రవేత్త టామ్ హారిస్ 1943లో సవివరంగా వర్ణించాడు. అక్కడి మధ్య జురాసిక్ శిలలు సుమారు 17 కోట్ల సంవత్సరాల నాటివి.

ఈ తీరపు కొండచరియలు తరచూ విరిగిపడతాయి కనుక వాటి అడుగున నిలబడి సుత్తితో కొట్టకూడదు. రాలిపడిన రాళ్లనే పరిశీలించాలి. రాయి ఏ పొర నుంచి రాలిందో నిర్ధారించగలిగితే ఆ పొరనూ, స్థలాన్నీ అక్కడే రాసుకోవాలి. పలకగా విడిపోయిన రాయి రెండు ముఖాలనూ విడివిడిగా కాగితంలో చుట్టి దాచాలి, ఎందుకంటే శంకువు ఒకదానిలోనూ, దాని అచ్చు మరొకదానిలోనూ మిగిలే అవకాశం ఉంది.

పదింతలు చూపే భూతద్దంతో ముందుగా కొమ్మను చూడాలి. ఎలాటైడిస్ ఆకులు కొడవలిలా వంగి, కొమ్మ చుట్టూ మెలికవరుసలో అమరి ఉంటాయి. ఇక్కడే చాలామంది తొందరపడి పేరు రాసేస్తారు. అటువంటి ఆకులు వేర్వేరు కుటుంబాల వృక్షాలకు కూడా ఉండేవి. శంకువులు లేని ఇలాంటి కొమ్మలకు పేజియోఫిల్లమ్ వంటి ఆకార నామాలు, అంటే ఆకు రూపాన్ని మాత్రమే బట్టి ఇచ్చే పేర్లు, పెట్టడం అందుకే. ఆకు మాత్రమే దొరికినప్పుడు ఆ నామంతోనే ఆగిపోవడం నిజాయితీ అని నా దృఢమైన అభిప్రాయం.

అసలు తీర్పు శంకువుదే. పైన్ కుటుంబపు ఆడశంకువులో విత్తనాలను మోసే పొలుసు, దాని కింద ఉండే ఆకులాంటి రక్షకపత్రం చాలావరకు విడివిడిగా ఉంటాయి. అరౌకేరియా కుటుంబంలో ఒక్కో పొలుసుకు ఒకే విత్తనం ఉంటుంది. ఎలాటైడిస్‌లో మాత్రం రక్షకపత్రమే పెద్దదై, విత్తనపు పొలుసు దానిలో దాదాపు కలిసిపోయి, ఒక్కోదానిపై పలు విత్తనాలు ఉంటాయి. నేడు చైనాలో పెరిగే కన్నింగామియా శంకువును పక్కన పెట్టుకుని చూస్తే ఈ పోలిక వెంటనే స్పష్టమవుతుంది. పుస్తకంలోని బొమ్మకంటే ఆ ఎండు శంకువే మంచి గురువు. మగశంకువులు కొమ్మ చివర గుత్తిగా ఉంటాయి. వాటిలో దొరికే పుప్పొడి చిన్నదిగా, గుండ్రంగా ఉంటుంది. పైన్ పుప్పొడిలో సాధారణంగా కనిపించే రెండు గాలితిత్తులు దీనికి ఉండవు.

శిలాజంపై బొగ్గుగా మారిన ఆకు పొర మిగిలి ఉంటే ఆకు పైపొర అయిన క్యూటికల్‌ను కూడా పరీక్షించవచ్చు. చిన్న తునకను నైట్రిక్ ఆమ్లం, పొటాషియం క్లోరేట్ కలిసిన షుల్జ్ ద్రావణంలో నానబెట్టి, అది లేత రంగుకు మారాక నీటితో బాగా కడిగి, పలుచని అమోనియాలో వేస్తే నల్లని పదార్థం కరిగి పారదర్శకమైన పొర మిగులుతుంది. దానిని సూక్ష్మదర్శిని కింద ఉంచితే పత్రరంధ్రాలు, వాటి చుట్టూ వలయంగా ఉన్న సహాయక కణాలు కనిపిస్తాయి. ఈ పనిని విషవాయువులను బయటికి పంపే వాయునిర్గమన యంత్రం ఉన్న ప్రయోగశాలలో, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో మాత్రమే చేయాలి. పొటాషియం క్లోరేట్ సేంద్రియ పదార్థాలతో కలిసి పేలగలదు. ఒక్కటే నమూనా ఉన్నవారు ఆమ్లం జోలికి పోకుండా ముందుగా ఏటవాలు వెలుతురులో ఫొటోలు తీయాలి, ఎందుకంటే కరిగించిన తునక మళ్లీ రాదు.