చేతిలో గడ్డ, నలిగే నరం – పాఠం 4: కాగితం పరీక్ష, రెండోసారి

ఈసారి కొవ్వుగడ్డలకు వెళ్లాల్సింది. పోయిన పాఠం జవాబులు చూశాక మళ్లీ గయాన్ కెనాల్ (మణికట్టులో చిటికెనవేలి వైపు అల్నార్ నరం దూరి వెళ్లే ఇరుకు దారి) దగ్గరే ఆగాల్సి వచ్చింది. అల్నార్ నరం బలహీనతను పట్టే కాగితం పరీక్ష, అంటే ఫ్రోమాంట్ పరీక్ష, గురించి చాలామంది "కాగితం జారింది, కాబట్టి ఫ్రోమాంట్ పాజిటివ్" అని రాశారు.

జారడం కాదండీ చూడాల్సింది! బొటనవేలి కొస కణుపు వంగిందా లేదా, అంతే. కాగితాన్ని బొటనవేలికీ చూపుడువేలి పక్కభాగానికీ మధ్య బిగించమని చెప్పి లాగుతాం. అప్పుడు పనిచేయాల్సింది బొటనవేలిని అరచేతి వైపు లాగే కండ, అడక్టర్ పోలిసిస్. దాన్ని నడిపేది అల్నార్ నరం. అది బలహీనపడితే మీడియన్ నరం నడిపే మరో కండ, ఫ్లెక్సర్ పోలిసిస్ లాంగస్, సాయానికొచ్చి కొస కణుపును వంచేస్తుంది. ఆ వంపుతోనే పట్టు నిలిచి, కాగితం జారకపోవచ్చు కూడా. అయినా అది పాజిటివే.

బస్ టికెట్‌తో చేసినవాళ్లున్నారు. అది చిరుగుతుంది. ఏ4 కాగితం రెండు మడతలు వేయండి. చెన్నై ఉక్కలో ముందు చేతులు తుడిపించండి. నేనైతే ఒకే కాగితాన్ని రోగి రెండు చేతులతో రెండు వైపులకీ లాగిస్తాను. తేడా పక్కపక్కనే కనిపిస్తుంది.

రెండో సందేహం: "తిమ్మిరి లేదు, మరి నరం ఎలా?" గయాన్ కెనాల్‌లో అల్నార్ నరం పైకొమ్మ (ముఖ్యంగా స్పర్శకు), లోతుకొమ్మ (కండలకు) అని చీలుతుంది. హామేట్ అనే మణికట్టు ఎముక కొక్కెం దగ్గర గాంగ్లియన్ (జిగురు ద్రవం నిండిన గడ్డ) లోతుకొమ్మను మాత్రమే నొక్కితే చిటికెనవేలి స్పర్శ చెక్కుచెదరదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చేతి వెనక, కండ మాత్రం గుంటపడుతుంది. తడిమితే గడ్డ చేతికి తగలకపోవచ్చు. చెన్నై ఓఎమ్ఆర్ రోడ్డులో రోజూ బైక్ నడిపేవాళ్లయితే నెపం హ్యాండిల్ మీదికి పోతుంది. హ్యాండిల్ ఒత్తిడికీ ఇలా అవుతుంది, నిజమే. కానీ బలం తగ్గుతూ, కండ కరుగుతూ ఉంటే ఆగకుండా అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐ.

చిటికెనవేలి వెనకవైపు కూడా మొద్దుబారితే గయాన్‌ను వదిలి మోచేయి వైపు చూడండి. ఆ చర్మానికి వెళ్లే కొమ్మ మణికట్టుకు ముందే, ముంజేతిలోనే విడిపోతుంది.

గడ్డ మీద టార్చి వేసి, వెలిగితే ద్రవం ఉన్న గాంగ్లియనే అని నమ్మకండి, కొవ్వుగడ్డా వెలగొచ్చు. అరచేతి చిటికెనవేలి వైపు గడ్డ కొట్టుకుంటుంటే సూది పెట్టనివ్వకండి, అది అల్నార్ ధమని ఉబ్బు కావచ్చు.

అభ్యాసం: ఆరోగ్యంగా ఉన్న పదిమందికి రెండు చేతులా పరీక్ష చేసి, కొస కణుపు కోణం డిగ్రీల్లో రాసి పంపండి. "కొంచెం వంగింది" అని రాస్తే దిద్దను.