పక్షవాతం తర్వాత రోజువారీ పనులు ఎంతవరకు చేసుకుంటున్నారో కొలవడం ఎలా?

"ఇప్పుడు కాస్త నయమండీ" అంటే ఫిజియోథెరపిస్టుకి పెద్దగా ఏమీ తెలియదు. ఎంత నయమో అంకెల్లో చెప్పడానికి బార్తెల్ ఇండెక్స్ అనే పద్ధతి ఉంది. 1965లో అమెరికాలో ప్రచురించారు, ఇప్పటికీ వాడుతున్నారు. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చాక కాగితం, పెన్ను పెట్టుకుని ఇంట్లోవాళ్లు మీరే మార్కులు వేయొచ్చు.

ముందు పది పనులు రాసుకోండి. తినడం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కి వెళ్లి రావడం, మెట్లెక్కడం, మల విసర్జన మీద అదుపు, మూత్రం మీద అదుపు: ఒక్కోదానికి 10 మార్కులు. స్నానానికి 5, ముఖం కడుక్కుని తల దువ్వుకోవడానికి 5. మంచం మీంచి కుర్చీలోకి మారడానికి 15, నడకకు 15. మొత్తం 100. మార్కులు అయిదేసి చొప్పున వేయాలి.

వేసేటప్పుడు చేయగలరా అని చూడకండి, గత ఒకటి రెండు రోజుల్లో చేశారా అని చూడండి. అదుపు విషయంలో మాత్రం వారం రోజులు లెక్కలోకి తీసుకోండి. మనవాళ్ల ప్రేమ వల్ల మార్కులు తారుమారయ్యేది ఇక్కడే. కుడిచెయ్యి పడిపోయిన మామగారికి కోడలు పప్పన్నం కలిపి ఇస్తే, ఆయన ఎడంచేత్తో తిన్నారనుకోండి, 5. స్పూనుతో ఆయనే కలుపుకుని తింటే 10. ఎడంచేత్తో తినడమేమిటని పెద్దవాళ్లు మొహమాటపడతారు గానీ, ఏ చెయ్యన్నది ఇక్కడ లెక్క కాదు. చేతికర్ర వాడినా మార్కులు తగ్గవు.

నడకకు బీచ్ రోడ్డు దాకా తీసుకెళ్లక్కర్లేదు, అపార్ట్‌మెంట్ కారిడార్‌లో 45 మీటర్లు చాలు. పడిపోతారేమోనన్న టెన్షన్‌తో పక్కనే ఒకరు నడుస్తుంటే 15 కాదు, 10. లిఫ్ట్ ఉందని మెట్లు వదిలేయొద్దు, కానీ ఫిజియోథెరపిస్టు ఉన్నప్పుడే ఎక్కించండి.

ప్రతిసారీ ఒకే మనిషి వేస్తే మంచిది. రెండు వారాలకోసారి చాలు, రోజూ వేస్తే విసుగే మిగులుతుంది.

మాట, జ్ఞాపకశక్తి ఇందులో లెక్కకు రావు. అందుకే 100 వచ్చినా ఒంటరిగా వదిలేయొచ్చని కాదు. నిన్నటిదాకా చేసుకున్న పని ఉన్నట్టుండి చేయలేకపోతే, మాట తడబడితే, మూతి వంకరపోతే ఆ కాగితం పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.