అమెరికాలో చదువు ముగిశాక ఉద్యోగంలో చేరడం ఎలా?

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ నుంచి ఎమ్మెస్ కోసం అమెరికా వెళ్లిన పిల్లల్లో చాలామంది చివరి పరీక్షలు అయ్యాక ఉద్యోగం సంగతి చూద్దామనుకుంటారు. అప్పటికే ఆలస్యమవుతుంది. అక్కడ ప్రతి అనుమతికీ గడువు ఉంటుంది కనుక, కోర్సు ముగిసే తేదీ నుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ సిద్ధం కావాలి.

మొదటి పని ఓపీటీ (ఆప్షనల్ ప్రాక్టికల్ ట్రైనింగ్) దరఖాస్తు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై ఉన్నవారు చదివిన రంగంలోనే 12 నెలలు పనిచేసేందుకు ఇచ్చే అనుమతి ఇది. కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిసిన 60 రోజుల వరకు ఐ-765 ఫారం దాఖలు చేయవచ్చు. అయితే దానికి ముందు యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం సిఫారసు నమోదు చేయాలి. ఆ తర్వాత 30 రోజుల్లోగా అమెరికా ఇమిగ్రేషన్ విభాగానికి దరఖాస్తు చేరకపోతే తిరస్కరిస్తారు.

పని ప్రారంభ తేదీని ఎంచుకునే దగ్గర మరింత జాగ్రత్త అవసరం. మీకు వచ్చే పని అనుమతి కార్డుపై ఉన్న ఆ తేదీ నుంచి మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. చేతిలో ఆఫర్ లేనివారు, కోర్సు ముగిశాక వచ్చే 60 రోజుల్లో చివరి వైపు తేదీని కోరుకోవడమే మేలని నా అభిప్రాయం. ఉద్యోగం దొరక్క, మనసు నిలవక బతుకమ్మకు ఇంటికొచ్చినా ఆ రోజులూ లెక్కలోకే వస్తాయి. చదివిన రంగంలో వారానికి కనీసం 20 గంటలు స్వచ్ఛందంగా పనిచేస్తూ, అందుకు ఆధారాలు భద్రపరచుకుంటే ఈ లెక్క ఆగుతుంది.

రెజ్యూమెను ఒక పేజీకి కుదించండి. ‘పైథాన్ వచ్చు’ అని రాస్తే చదివేవారికి ఏమీ తెలియదు. ‘గ్రంథాలయ జాబితాలో ఒకే పుస్తకం రెండుసార్లు నమోదైతే పట్టుకునే ప్రోగ్రాం రాశాను’ అంటే అడగడానికి వాళ్లకూ, చెప్పడానికి మీకూ విషయం ఉంటుంది.

లేని అనుభవాన్ని రెజ్యూమెలో చేర్చి, ఇంటర్వ్యూలో మీ బదులు మరొకరితో మాట్లాడించే కన్సల్టెన్సీల జోలికి మాత్రం వెళ్లకండి. పొలం కుదువబెట్టి తెచ్చిన అప్పుకు వడ్డీ పెరుగుతుంటే అదే దగ్గరి దారిలా కనిపించడం సహజం. కానీ ఆ అబద్ధం తర్వాతి వీసా దరఖాస్తుల్లోనూ వెంటాడుతుంది, బయటపడితే ఉద్యోగంతో పాటు అక్కడ ఉండే హక్కే పోవచ్చు. తల్లిదండ్రులు కూడా ‘ఫలానా వాళ్ల పిల్లగానికి వచ్చిందట, నీకింకా రాలేదా బిడ్డా?’ అని అడగడం తగ్గిస్తే పిల్లలు అటువైపు చూడరు.

ఉద్యోగంలో చేరిన 10 రోజుల్లోగా ఆ వివరాలను విదేశీ విద్యార్థుల కోసం ప్రభుత్వం నడిపే ఎస్ఈవీపీ పోర్టల్‌లో నమోదు చేయాలి. సైన్స్, ఇంజనీరింగ్ వంటి స్టెమ్ కోర్సులు చదివినవారికి మరో 24 నెలల పొడిగింపు ఉంటుంది. అందుకు కంపెనీ, ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ అయిన ఈ-వెరిఫైలో నమోదై ఉండాలి, మీతో కలిసి ఐ-983 శిక్షణ ప్రణాళికపై సంతకం చేయాలి. కంపెనీ తరఫున వచ్చే ఉద్యోగ వీసా హెచ్-1బీకి ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000 మాత్రమే అవకాశాలు ఉంటాయి, రిజిస్ట్రేషన్ మార్చిలో జరుగుతుంది. కాబట్టి ఈ-వెరిఫై ఉందా, వచ్చే మార్చిలోనే నా పేరు రిజిస్టర్ చేస్తారా అన్న రెండు ప్రశ్నలకూ ఆఫర్ లెటర్‌పై సంతకం పెట్టకముందే రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.