పెద్దవాళ్ల ఈత పోటీల్లో సరదా రిలేలు: ఎక్కడ చెడతాయి, ఎలా సరిచేయాలి

పిల్లల స్విమ్ మీట్‌లో ఏ రిలే పెట్టినా కేరింతలే. పెద్దవాళ్ల దగ్గర అంత సులువు కాదు. ముప్పై ఏళ్లవాళ్లూ అరవై దాటినవాళ్లూ ఒకే జట్టులో ఉంటారు. ఒకరు రోజూ ప్రాక్టీస్ చేసేవాళ్లు, ఇంకొకరు నిరుడే ఈత నేర్చుకున్నవాళ్లు. మా పూల్లో కొన్నేళ్లుగా ఈ రిలేల ఏర్పాట్లు నేనే చూస్తున్నాను. ఎదురైన ఇబ్బందులు, వాటికి దొరికిన దారులు ఇవి.

టీ షర్ట్ రిలే గోడ దగ్గరే ఆగిపోతోంది

ఒకే టీ షర్టు వేసుకుని ఒకరి తర్వాత ఒకరు ఈదే రిలే ఇది; ఈది వచ్చినవాళ్లు దాన్ని విప్పి తర్వాతివాళ్లకు తొడగాలి. ఈదడానికి అర నిమిషం, షర్టు మార్చుకోవడానికి రెండు నిమిషాలు. చూసేవాళ్లకు విసుగు, ఈదేవాళ్లకు టెన్షన్. కారణం తడిసిన కాటన్. అది ఒంటికి అతుక్కుపోతుంది, బరువెక్కుతుంది. అందుకే క్రికెట్ జెర్సీలాంటి పాలిస్టర్ షర్టు, జట్టులో అందరికంటే లావుగా ఉన్నవాళ్లకు కూడా వదులుగా ఉండే సైజు తీసుకోండి. గుండీలు వద్దు.

మార్చుకోవడానికి ఒక కిటుకుంది. వచ్చినవాళ్లూ వెళ్లాల్సినవాళ్లూ ఎదురెదురుగా నిలబడి, కాస్త ముందుకు వంగి, చేతులు చాచి ఒకరివొకరు గట్టిగా పట్టుకోవాలి. మూడో మనిషి షర్టు కింది అంచు పట్టుకుని వచ్చినవాళ్ల తల మీదుగా లాగితే, అది తిరగబడి నేరుగా రెండోవాళ్ల చేతుల మీదికి, తల మీదికి జారుతుంది. ముందు రోజు గట్టు మీద రెండుసార్లు చేయించండి, చాలు. ఒక్క షరతు: ఇదంతా కాళ్లు నేలకు ఆనే లోతులోనే జరగాలి. లోతు నీళ్లలో తడిగుడ్డ ముఖానికి చుట్టుకుంటే ఎంత ఈతగాడైనా కంగారుపడతాడు.

ప్రతిసారీ ఒకే జట్టు గెలుస్తోంది

స్నేహితులంతా ఒక జట్టుగా చేరితే ఇంతే. మాస్టర్స్ పోటీల్లో, అంటే పెద్దవాళ్ల అధికారిక ఈత పోటీల్లో, నలుగురి వయసులు కూడి 100-119, 120-159, 160-199 ఇలా వర్గాలు చేస్తారు. అధికారిక రిలేకి అది బాగుంటుంది కానీ, వయసు కలిసినంత మాత్రాన వేగం సమం కాదు. సరదా రిలేకి నాకు బాగా నచ్చిన పద్ధతి అంచనా రిలే. నలుగురూ తమ 25 మీటర్లకు పట్టే సమయం ముందే చెబుతారు: 20, 26, 34, 45 సెకన్లు అనుకుంటే మొత్తం 2 నిమిషాల 5 సెకన్లు. వాచీలు తీసేసి ఈదాలి, గోడ గడియారం కప్పేయాలి. చెప్పిన సమయానికి దగ్గరగా వచ్చినవాళ్లదే గెలుపు. నెమ్మదిగా ఈదే మనిషి జట్టుకు భారం కాని పోటీ ఇదొక్కటే అనిపిస్తుంది నాకు.

చెంచాలో బంతి నిలవడం లేదు

పింగ్‌పాంగ్ బంతి బరువు 2.7 గ్రాములే. పక్క లేన్ల అలకే ఎగిరిపోతుంది. నిమ్మకాయ బరువుగా ఉంటుంది కానీ, మన చిన్నకాయల్లో కొన్ని మునిగిపోతాయి. బకెట్లో వేసి తేలేవాటినే ఏరుకోండి. చెంచాను చేత్తో పట్టుకుని పక్కకు తిరిగి కాళ్లతో కిక్ చేస్తే చాలు. నోట్లో పెట్టుకోనివ్వకండి, గోడ తగిలితే పళ్లు పోతాయి.

ఆఖరి నిమిషంలో పేర్లు వెనక్కి తీసుకుంటున్నారు

కారణం బద్ధకం కాదు. నలుగురి ముందు ఈదాలంటే బిడియం, లోతంటే భయం. అలాంటివాళ్లకు లోతు తక్కువ వైపు అడ్డంగా నడిచి, మగ్గుతో నీళ్లు తెచ్చి గట్టు మీది బకెట్ నింపే వంతు ఇవ్వండి. కిక్‌బోర్డు (చేతులతో పట్టుకుని కాళ్లాడిస్తూ ఈదే తేలే పలక) వంతైనా సరే.

దెబ్బలు తగులుతున్నాయి

ఇందులో మాత్రం నేను రాజీపడను. ప్రపంచ ఈత సమాఖ్య నియమాల ప్రకారం స్టార్టింగ్ బ్లాకుల (డైవ్ చేయడానికి ఎక్కే దిమ్మెల) దగ్గర కనీసం 1.35 మీటర్ల లోతుండాలి. అపార్ట్‌మెంట్ పూల్స్ చాలావాటిలో 4 అడుగులే, అంటే దాదాపు 1.2 మీటర్లు. మొదటి ఏడాది నేను ఈ మాట గట్టిగా చెప్పకపోవడంతో, ఉత్సాహంగా డైవ్ చేసిన ఒకాయన గడ్డం నేలకు గీరుకుపోయింది. అప్పటినుంచి అందరూ నీళ్లలోనే, ఒక చెయ్యి గోడకు ఆనించి మొదలుపెడతారు. ఊపిరి బిగబట్టి అడుగునున్న నాణేలు ఏరే పోటీ అసలు పెట్టకండి. గబగబా గాలి పీల్చి వదిలి మునిగితే, గాలి కావాలని ఒళ్లు హెచ్చరించకముందే స్పృహ తప్పవచ్చు. రిలే జరుగుతున్నంతసేపూ లైఫ్‌గార్డ్‌కు టైమింగ్, స్కోరు లాంటి ఇంకో పని అప్పగించకండి.