ఘాట్‌లో ఆగిపోయే బండి: క్రాంక్ సెన్సర్‌ను పరీక్షించడం ఎలా?

అలిపిరి దాటి నాలుగు మలుపులు తిరిగేసరికి ఇంజిన్ ఆగిపోతుంది. బానెట్ ఎత్తి అరగంట నిలబెడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. వెంటనే పెట్రోలు పంపు మార్చేస్తారు, ప్లగ్గులు మార్చేస్తారు. డబ్బు పోతుంది, జబ్బు పోదు. ముందు చూడాల్సింది క్రాంక్ సెన్సర్‌ని.

పిస్టన్లు తిప్పే ఇరుసే క్రాంక్. దానితో పాటు తిరిగే పళ్ళ చక్రాన్ని ఈ సెన్సర్ చదువుతుంది. చాలా కార్లలో ఆ చక్రానికి 60 పళ్ళ చోటున్నా 58 పళ్ళే ఉంటాయి. ఆ రెండు పళ్ళ ఖాళీ ఎదురైనప్పుడల్లా పిస్టన్లు ఎక్కడున్నాయో ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి తెలుస్తుంది. స్పార్క్ ఎప్పుడివ్వాలి, ఇంజెక్టర్ ఎప్పుడు తెరవాలి అన్న లెక్కంతా అక్కడినుంచే. వంతు ఏ సిలిండర్‌దో చెప్పేది క్యామ్ సెన్సర్. అది పోయినా చాలా బండ్లు కాస్త సతాయించి స్టార్టవుతాయి. క్రాంక్ సెన్సర్ పోతే మాత్రం చాలావాటికి స్పార్కూ ఉండదు, పెట్రోలూ రాదు.

మల్టీమీటర్, స్పానర్లు, పాత గుడ్డ చాలు. ఇంజిన్ ఆపి సెన్సర్ కప్లర్ (తీగలు కలిపే కనెక్టర్) ఊడదీయండి.

అందరూ చెడగొట్టేది ఇక్కడే. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద కొలిచి 'సెన్సర్ బాగానే ఉంది' అనేస్తారు. లోపలి సన్నతీగ తెగి ఉంటే వేడికి విడిపోతుంది, చల్లబడితే మళ్ళీ తగులుతుంది. అందుకే బండి ఆగిన వెంటనే, వేడి మీదే కొలవాలి. ఘాట్ మలుపులో మాత్రం వద్దు. మే నెల ఎండలో రేణిగుంట రోడ్డులో తిప్పి, పక్కన నీడలో ఆపుకోండి. సైలెన్సర్‌కి చెయ్యి తగలనీయకండి. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేస్తే సరిపోతుందంటారు కొందరు. నేనొప్పుకోను, ఇంజిన్ అదురు దానికెక్కడిది?

తీగలు రెండే ఉంటే సాధారణంగా కాయిల్ రకం. మీటర్‌ని ఓమ్స్‌లో (రెసిస్టెన్స్ కొలిచే చోట) పెట్టి మాన్యువల్‌లోని అంకెతో పోల్చండి. వేడి మీద మీటర్ 'ఓపెన్' (లోపల తీగ తెగినట్టు) చూపిస్తే సెన్సర్ పోయినట్టే. మూడు తీగలుంటే ఎక్కువగా హాల్ రకం (కరెంటు సప్లై ఇస్తేనే పనిచేసేది), దానికి ఓమ్స్ పెట్టొద్దు. కీ ఆన్ చేసి కప్లర్‌లో సప్లై చూడండి. బండిని బట్టి 5 వోల్టులో 12 వోల్టులో ఉండాలి.

స్కానర్‌లో పీ0335 (క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపమని చెప్పే కోడ్) రాగానే సెన్సర్ కొనేవాళ్ళున్నారు. తీగ తెగినా అదే కోడ్ వస్తుంది. మీటర్ పెట్టకుండా కొనొద్దంటే వినరు.

కొత్త సెన్సర్ బిగించడం తేలిక. గాడిలో మట్టి తుడవండి, సుత్తితో కొట్టకండి, తీగను సైలెన్సర్‌కి దూరంగా కట్టండి. తర్వాత సెల్ఫ్ కొడుతుంటే చాలా బండ్లలో ఆర్‌పీఎం ముల్లు కొద్దిగా లేస్తుంది. లేచిందంటే సిగ్నల్ అందుతోంది.