ఫ్లష్ ఇండికేటర్లు బిగించాక వచ్చే సమస్యలు: లక్షణం, కారణం, పరిష్కారం

స్టాండు జారి బండి పక్కకు ఒరిగినా, పార్కింగులో ఎవరి కాలైనా తగిలినా ముందు విరిగేది కాడ ఇండికేటరే. అందుకే ఫెయిరింగుకో, ట్యాంకు ష్రౌడుకో, టెయిల్ ప్యానెల్‌కో ఆనుకుని ఉండే ఎల్‌ఈడీ ఫ్లష్ లైట్లకు చాలామంది మారుతున్నారు. బిగించడం సులువే. అసలు ఇబ్బంది స్విచ్ వేశాక మొదలవుతుంది. అప్పుడు లైటు నాసిరకమని షాపుకు తిరిగిచ్చేస్తారు. చాలాసార్లు తప్పు లైటుది కాదు. పాత బల్బులోని ఫిలమెంటు ఎవరికీ కనబడకుండా రెండు పనులు చేసేది: ఫ్లాషర్‌కు (ఇండికేటర్‌ను వెలిగించి ఆర్పే చిన్న పెట్టె) తగినంత లోడు ఇవ్వడం, అంటే తగినంత కరెంటు లాగడం, మీటర్ లైటు నుంచి వచ్చే కరెంటుకు తాను వెలగకుండానే ఎర్త్ (బ్యాటరీ మైనస్) దారి చూపించడం. ఎల్‌ఈడీ ఆ రెండూ చేయదు. ఈ సంగతి మనసులో ఉంటే కింద చెప్పేవాటిలో సగం తేలిగ్గా అర్థమవుతాయి.

ఇక్కడ చెప్పేదంతా 12 వోల్టుల బ్యాటరీతో, 10 వాట్ల ఇండికేటర్ బల్బులతో వచ్చే మామూలు బళ్ల గురించి. హీరో, హోండా బళ్లలో సాధారణంగా నారింజ వైరు ఎడమ, లేత నీలం కుడి, ఆకుపచ్చ ఎర్త్, బూడిద రంగు ఫ్లాషర్ నుంచి స్విచ్‌కు వెళ్లేది. యమహాల్లో చాక్లెట్ రంగు ఎడమ, ముదురు ఆకుపచ్చ కుడి, నలుపు ఎర్త్. అంటే ఒక బండిలో ఎర్త్ అయిన ఆకుపచ్చ ఇంకో బండిలో కుడి ఇండికేటర్. రంగును నమ్మి కత్తిరించకుండా టెస్ట్ లైటుతోనో మల్టీమీటరుతోనో చూసుకోండి.

మరీ వేగంగా కొట్టుకుంటోంది, లేదా వెలిగి అలాగే ఉండిపోతోంది

రెండింటికీ కారణం ఒకటే. ఒక పక్క ముందూ వెనకా కలిపి 20 వాట్లు లాగాల్సిన చోట ఎల్‌ఈడీ జత రెండు నుంచి నాలుగు వాట్లే లాగుతుంది. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ లోడు తగ్గిందని గమనించి, బల్బు పోయిందనుకుని వేగం పెంచుతుంది. లోపల పలక వేడెక్కి పనిచేసే పాత రకానికి ఆ కొద్ది కరెంటు చాలదు, కాబట్టి అసలు కొట్టుకోదు. ఇది చూడ్డానికి బాగోకపోవడంతో ఆగే విషయం కాదు. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్యే కొట్టుకోవాలి, రంగు ఆంబర్ (నారింజ కలిసిన పసుపు) అయి ఉండాలి.

నిర్ధారణకు ఒక పక్క వెనక పాత బల్బు తిరిగి పెట్టి చూడండి. వేగం తగ్గితే లోడు సమస్యే.

సరైన పరిష్కారం లోడుతో పనిలేని మూడు పిన్నుల ఎల్‌ఈడీ ఫ్లాషర్. దానిమీద బి, ఎల్, ఇ అనే గుర్తులుంటాయి: బి కి ఇగ్నిషన్ నుంచి వచ్చే కరెంటు, ఎల్ కి స్విచ్‌కు వెళ్లే వైరు, ఇ కి ఎర్త్. పాత ఫ్లాషర్ రెండు పిన్నులదైతే ఎర్త్ వైరు ఒకటి కొత్తగా లాగాలి. పిన్నుల వరస కంపెనీని బట్టి మారుతుంది. పాత కప్లర్‌లో సరిగ్గా కూర్చుందని గుచ్చేస్తే ఫ్లాషర్ కాలిపోవచ్చు, గుర్తులు చూసే కలపండి.

కొత్త బళ్లు కొన్నింటిలో విడి ఫ్లాషర్ ఉండదు, మీటరో కంట్రోల్ యూనిటో ఆ పని చేస్తుంది. అప్పుడు లోడ్ రెసిస్టర్ (బల్బుకు బదులు కరెంటు లాగి వేడిగా మార్చే భాగం) తప్పదు. 10 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర సుమారు 0.83 ఆంపియర్లు లాగుతుంది, అంటే తీసేసిన ఒక్కో బల్బుకు బదులు 15 ఓముల రెసిస్టర్ సరిపోతుంది. అల్యూమినియం తొడుగున్న 25 వాట్లది తీసుకోండి. 21 వాట్ల బల్బుల బండైతే 6.8 ఓములు, 50 వాట్లు. ఇండికేటర్ వైరుకూ ఎర్త్‌కూ మధ్య, లైటుకు సమాంతరంగా కలపాలి. వరసలో కలిపితే లైటు మసకబారుతుంది కానీ లోడు పెరగదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14 వోల్టుల దగ్గర 15 ఓముల రెసిస్టర్‌లో వెలిగిన క్షణాన 13 వాట్ల వేడి పుడుతుంది. దాన్ని వైర్ల కట్టకు జిప్ టై వేసి కట్టడం, ప్లాస్టిక్‌కు అంటించడం చాలా ప్రమాదం. చుట్టూ గాలి ఆడేలా ఫ్రేము ఇనుముకే స్క్రూలతో బిగించండి.

ఎడమ వేస్తే నాలుగూ వెలుగుతున్నాయి

ఫ్లాషర్ మార్చాక కూడా ఇది వస్తుంది. అందుకే దీన్ని చూసి వైరింగే పాడైందనుకుని జనం బండంతా విప్పేస్తారు. మీటరులో ఎడమకూ కుడికీ కలిపి ఒకటే ఇండికేటర్ లైటుంటే ముందు అనుమానించాల్సింది దాన్నే.

ఆ చిన్న బల్బుకు విడిగా ఎర్త్ ఉండదు. దాని ఒక కాలు ఎడమ వైరుకు, రెండో కాలు కుడి వైరుకు కలిసి ఉంటుంది. ఎడమ వేసినప్పుడు కరెంటు దానిగుండా కుడి వైపుకు వెళ్లి, కుడి బల్బుల ఫిలమెంట్ల మీదుగా ఎర్త్ చేరుతుంది. ఆ కొద్ది కరెంటుకు 10 వాట్ల ఫిలమెంటు ఎర్రబడను కూడా ఎర్రబడదు. ఎల్‌ఈడీకి మాత్రం అది చాలు, శుభ్రంగా వెలుగుతుంది. మీటర్ బల్బు తీసేసి స్విచ్ వేయండి. అవతలి పక్క ఆరిపోతే కారణం దొరికినట్టే. ఆరకపోతే బయట కొని పెట్టించిన బజర్ ఉందేమో చూడండి. దాన్ని కూడా ఎడమ కుడి వైర్ల మధ్యే కలిపి ఉంటే అది ఇంకో దొంగదారి.

కరెంటును ఒక దిశలోనే వదిలే 1ఎన్4007 డయోడ్లు రెండు పెడితే ఇది పూర్తిగా పోతుంది. ఎలక్ట్రానిక్స్ షాపులో కొద్ది రూపాయలకే దొరుకుతాయి, ఒక ఆంపియర్ మోస్తాయి, మీటర్ బల్బుకు అంతకన్నా అక్కర్లేదు. హోల్డర్ నుంచి రెండు వైర్లూ విడదీయండి. వెండి గీత లేని కొసల్లో ఒకదాన్ని ఎడమ వైరుకు, ఇంకోదాన్ని కుడి వైరుకు అతకండి. గీత ఉన్న కొసలు రెండూ కలిపి హోల్డర్ ఒక కాలికి, హోల్డర్ రెండో కాలు ఎర్త్‌కు. వేడి చేస్తే ముడుచుకుని పట్టేసే హీట్ ష్రింక్ గొట్టం తొడిగి మీటరు వెనక కదలకుండా కట్టండి. ఒక డయోడ్ తిరగబడితే ఆ పక్కకు మీటర్ లైటు వెలగదు, పైగా అవతలి పక్క వేసినప్పుడు ఈ పక్క కూడా వెలుగుతుంది, కాబట్టి గీత చూసే అతకండి. మీటర్ బల్బు బదులు చిన్న ఎల్‌ఈడీ పెడితే చాలని కొందరంటారు. ఎల్‌ఈడీ ఒక దిశలోనే కరెంటు వదులుతుంది కాబట్టి మామూలు రకమైతే ఒక పక్కకే వెలుగుతుంది, సమస్య సగమే పోతుంది.

ఎడమకూ కుడికీ వేర్వేరు బాణాలున్న మీటరైతే ఈ డయోడ్ల పనే లేదు.

స్విచ్ ఆపినా, ఆరే క్షణంలోనూ మసకగా వెలుగుతోంది

కొట్టుకునేటప్పుడు మధ్యలో పూర్తిగా ఆరకపోతే రెండు పిన్నుల ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ పెట్టి ఉంటారు. దానికి సొంత ఎర్త్ లేదు, తనకు కావలసిన కరెంటు లైటు గుండానే తీసుకుంటుంది. మూడు పిన్నులది వేస్తే పోతుంది. స్విచ్ మధ్యలో ఉన్నా వెలుగుతుంటే ఫ్లాషర్‌ను వదిలేసి హ్యాండిల్ స్విచ్ విప్పి చూడండి. లోపల తడి, పచ్చటి తుప్పు ఉంటాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి.

అసలు వెలగడం లేదు

ఎల్‌ఈడీకి ప్లస్, మైనస్ ఉంటాయి. వైర్లు తారుమారు చేసి చూడండి. మూడు వైర్ల లైటైతే ఒకటి పార్కింగ్ లైటుది, దాన్ని ఇండికేటర్‌గా కలిపి ఉండొచ్చు.

తరచుగా జరిగే పొరపాటు ఎర్త్ దగ్గర. పాత కాడ ఇండికేటర్లు కొన్ని ఇనుప కాడ ద్వారానే ఎర్త్ తీసుకునేవి, వాటికి ఒక్క వైరే వచ్చేది. ప్లాస్టిక్ ఫెయిరింగులో కూర్చున్న ఫ్లష్ లైటుకు ఆ దారి లేదు. ఎర్త్ వైరును హార్నెస్‌లోని (బండి వైర్ల కట్టలోని) ఎర్త్‌కే కలపండి. ఫ్రేముకు కలపాల్సివస్తే బోల్టు కింద పెయింటు గీకి, రింగు టెర్మినల్ వేసి, పైన కొద్దిగా గ్రీజు రాయండి. లైటు వెలిగినప్పుడు దాని ఎర్త్ వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య మల్టీమీటరు 0.2 వోల్టుల కన్నా ఎక్కువ చూపిస్తే ఆ జాయింటు మళ్లీ చేయాలి.

హ్యాండిల్ తిప్పితేనో, గుంతలోనో ఆరిపోతోంది

వైరు లోపల తెగింది, పైన తొడుగు మాత్రం బాగానే ఉంది. ఫ్లష్ లైట్లకు వచ్చే వైరు సన్నం. సోల్డర్ పెట్టిన చోట రాగి పోగులు గట్టిపడి, ఆ గట్టితనం ఆగే అంచు దగ్గరే అదురుకు తెగుతాయి. మెలితిప్పి టేపు చుట్టడం అంతకన్నా అధ్వానం, ఎండకు జిగురు కారి టేపు ఊడుతుంది. బుల్లెట్ టెర్మినళ్లు క్రింపింగ్ ప్లయరుతో నొక్కి, జిగురున్న హీట్ ష్రింక్ వేయండి. జాయింటుకు రెండు పక్కలా కట్టు ఉండాలి. స్టీరింగ్ దగ్గర ఉన్న వైరుకు వదులు ఇచ్చి, హ్యాండిల్ రెండు చివరలా తిప్పి ఎక్కడా లాగడం లేదని చూసుకున్నాకే ఫెయిరింగ్ మూయండి.

అద్దం లోపల ఆవిరి, నీరు

వాటర్ సర్వీసింగులో ప్రెషర్ గన్ కొట్టాకే ఎక్కువగా ఇది బయటపడుతుంది. నీరు అద్దం నుంచి కన్నా వెనక వైరు దూరే రంధ్రం నుంచే ఎక్కువ వెళ్తుంది. అక్కడ సిలికాన్ పెట్టండి, కానీ వెనిగర్‌లా పుల్లటి వాసన వచ్చే రకం వద్దు. ఆరేటప్పుడు అది వదిలే ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసున్నదే కొనండి. పెట్టేముందు లైటును ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి, లేకపోతే తడిని లోపలే బంధించినట్టవుతుంది. కంపెనీ అడుగున వదిలిన గాలి రంధ్రం ఉంటే దాన్ని మూయకండి. వైరు లైటులోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు తిరిగేలా కడితే, వైరు వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

ప్యానెల్ పగుళ్లిచ్చింది

బలంగా బిగించడం ఒక కారణం. రెండోది నట్టు వదులవకుండా మరలకు రాసే థ్రెడ్ లాకర్: ఆ ద్రవం ఏబీఎస్, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌లకు తగిలితే కొన్నాళ్లకు సన్నటి పగుళ్లు పుడతాయి. దాని బదులు నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగున్నది), రెండు వైపులా రబ్బరు వాషరు వేసి, చేత్తో బిగిసేదాకా తిప్పి ఇంకో పావు చుట్టు చాలు. రంధ్రం వేసేటప్పుడు టేపు అంటించి, 3 మిల్లీమీటర్ల బిట్టుతో మొదలుపెట్టి, స్టెప్ డ్రిల్‌తో నెమ్మది వేగంలో పెంచండి. వేగం పెంచితే ప్లాస్టిక్ కరిగి అంచు గరుకవుతుంది, పగులు అక్కడి నుంచే పాకుతుంది. డ్రిల్ పెట్టకముందే ప్యానెల్ వెనక చెయ్యి పెట్టి నట్టుకూ వైరుకూ చోటుందో లేదో తడిమి చూడండి.

ఎండలో కనబడటం లేదు

కాడ లైటు బయటికి పొడుచుకుని ఉండటంవల్ల పక్కనుంచి కూడా కనబడేది. ప్యానెల్‌లో కూర్చున్న లైటు కోణం తప్పితే మాయమవుతుంది. అందుకే రంధ్రం వేయకముందు లైటును డబుల్ టేపుతో అనుకున్న చోట అంటించి, మిట్టమధ్యాహ్నం స్విచ్ వేసి, బండి వెనక ఇరవై అడుగుల దూరంలో నిలబడండి. తర్వాత పక్కకు నడుస్తూ రండి, బండికి ఏటవాలుగా చేరేదాకా కొట్టుకోవడం స్పష్టంగా తెలియాలి. తెలియకపోతే చోటు మార్చండి, లేదా ముందు మాత్రం ఫ్లష్ ఉంచి, వెనక వంగే రబ్బరు కాడ ఉన్న లైటు పెట్టండి. వెనక లారీవాడికి కనబడని ఇండికేటర్ విరక్కుండా ఎన్నేళ్లున్నా లాభం లేదు. పొగరంగు అద్దం ఉన్న లైట్లు కొనకండి, పగటిపూట అవి ఇంకా మసకబారతాయి.